శరణాలయములందు రాత్రివేళ కాపుదల

గడచిన క్రిస్మసు దినములలో మా పాఠశాల తొమ్మిదవ తరగతి విద్యార్థులను వెంటబెట్టుకొని మేమొక వృద్ధాశ్రమమునకు పోయితిమి. పిల్లలు పాటలు పాడిరి, అరటిపండ్లును రొట్టెలును పంచిపెట్టిరి. అవ్వలు, తాతలు వారి తలలు నిమిరి దీవించిరి. గదులు శుభ్రముగా తుడిచియుండెను, మంచములమీది దుప్పట్లు తెల్లగా నుండెను. మేము వెడలివచ్చు సమయమున మా విద్యార్థులలో నొకడు వరండా చివరనున్న వెనుకతలుపును చూపి, “మాష్టరుగారూ, ఈ తలుపెందుకు మూసియున్నది?” అని యడిగెను.

తలుపునకు తాళము వేసియుండెను. తాళపుచెవి మేనేజరుగారియొద్ద లేదు, నర్సమ్మగారియొద్దను లేదు. అది వాచ్‌మను మొలత్రాటికి కట్టియున్నదట. వాచ్‌మను బజారులో టీ త్రాగబోయియుండెను. అతనిని పిలిపించి తలుపు తీయించుసరికి పదునొకండు నిమిషములు పట్టెను. ఆ యింట నలువదిమంది నివసించుచున్నారు. వారిలో పదునారుగురు ఒకరి చేయూత లేనిదే మంచము దిగలేనివారు.

ఆ యాశ్రమమును నిందించుటకై మేమీ వ్యాసము వ్రాయుట లేదు. దానిని నడపువారు దయగలవారు, కష్టపడి పనిచేయువారు. మా తప్పును గూడ క్రింద చెప్పబోవుచున్నాము. కాని యా బాలుని ప్రశ్న మమ్ము విడువలేదు. వృద్ధులు, అనాథబాలలు, అంగవైకల్యము గలవారు, మనోవ్యాధిగ్రస్తులు, చదువుకొరకు తల్లిదండ్రులను విడిచివచ్చిన బోర్డింగు పిల్లలు, వీరందరును తమది కాని యింట, ఇతరుల కాపుదలలో నిద్రించువారే. అట్టి యింటి మంచిచెడ్డలను పగటివేళ దర్శకులు చూచి తెలిసికొనుట కష్టము. ఆ యింట రాత్రి మూడు నాలుగు గంటలవేళ ఎవరు మేల్కొనియుందురు, ఏ తలుపు ఎట్లుండును అనునది చూచినగాని తెలియదు. ఈ మాటకు రెండు సాక్ష్యములు మనకు కలవు.

ఏర్వాడి యనునది తమిళనాడులో రామనాథపురము జిల్లాయందు సముద్రతీరముననున్న గ్రామము. అచట ప్రసిద్ధమైన దర్గా కలదు. మనోవ్యాధి గలవారిని వారి బంధువులు స్వస్థత కోరి యచటికి తోడ్కొనివచ్చుట చిరకాలపు వాడుక. అట్లు వచ్చినవారిని ఉంచుకొనుటకు దర్గా చుట్టుపట్ల కొందరు సొంతముగా ఇండ్లు నడుపుచుండిరి. బంధువులు నెలనెల కొంత సొమ్ము చెల్లించెడివారు. రోగులు పారిపోకుండుటకై వారి కాళ్లకు సంకెళ్లు తగిలించి కట్టివేయుట అచట అలవాటయ్యెను. 2001వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున అట్టి యొక యింటి పాకకు నిప్పంటుకొనెను. సంకెళ్లతో నున్నవారు లేచి పరుగెత్తలేకపోయిరి. 28 మంది మరణించిరి. 1987వ సంవత్సరపు మానసికారోగ్య చట్టము ప్రకారము అట్టి యింటికి ఉండవలసిన లైసెన్సు దానికి లేదు. సుప్రీముకోర్టువారు తమంతట తామే యీ విషయమును విచారణకు చేపట్టిరి. ఆ గ్రామమునందలి యట్టి యిండ్లు మూయబడెను. పిమ్మట 2017వ సంవత్సరపు మానసికారోగ్య సంరక్షణ చట్టము 95వ సెక్షనులో, రోగిని ఏ విధముగానైనను గొలుసుతో బంధింపరాదని స్పష్టముగా శాసించిరి.

ఇది చదివినవారు, అది పేదయిల్లు, అనుమతి లేనిది, మోటువారు నడపినది, మన దొడ్డయిండ్లలో నిట్టిది జరుగదు అని తలంపవచ్చును. అందుచేత రెండవ సాక్ష్యము చెప్పుచున్నాము.

స్కాట్లండు దేశములో గ్లాస్గో నగరమునకు సమీపమున అడింగ్‌స్టన్ అను పట్టణము కలదు. అచట రోజ్‌పార్కు అను వృద్ధుల సంరక్షణ గృహము ఉండెను. అది చక్కని కట్టడము. ప్రభుత్వపు రిజిస్ట్రేషను గలది, తనిఖీదారులు వచ్చి చూచుచున్నది. అపాయము తెలుపు అలారము గంటలు గూడ అమర్చబడియుండెను. 2004వ సంవత్సరము జనవరి 31వ తేదీ తెల్లవారకముందు నాలుగున్నర గంటల ప్రాంతమున, నడవాలోని యొక అలమరలో నిప్పు పుట్టెను. ఆ యలమర గోడలో విద్యుత్తును పంచు పెట్టె యుండెను. పెట్టెలోనికి పోవు తీగె అంచున ఒరసికొని, పైపూత పోయి, నిప్పురవ్వలు లేచెను. అదే యలమరలో తుంపరగా చిమ్ము ద్రవములు గల డబ్బాలు నిలువచేసియుండిరి. అవి పగిలి మంట పెచ్చు పెరిగెను. అలారము మ్రోగెను. రాత్రి పనిలోనున్న నలుగురును, నిజముగా నిప్పున్నదా, ఎక్కడనున్నది యని ముందు వెదకిరి. వారికి అలవాటైన పద్ధతి అదియే. అగ్నిమాపక దళమునకు ఫోను చేయుసరికి తొమ్మిది నిమిషములు గడచెను. పడకగదుల తలుపులు పెక్కు తెరచియుండెను. పొగ నడవా వెంబడి గదిగదికి పోయెను. 14 మంది వృద్ధులు మరణించిరి. అదే నడవాలో తలుపులు మూసియున్న గదులలోనివారు కొందరు బ్రదికిరి.

ఈ దుర్ఘటనపై దీర్ఘమైన న్యాయవిచారణ జరిగి 2011లో నివేదిక వెలువడెను. అగ్నిప్రమాదము వచ్చినపుడు ఏమి చేయవలెనో ముందుగా సరియైన యాలోచన చేసియుండినయెడల ఆ మరణములలో కొన్నింటిని తప్పించుట సాధ్యమై యుండెడిదని అందు తేల్చిరి. ఇప్పుడు చదువరులు రెండు యిండ్లను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. ఒకచోట సంకెళ్లు, మరియొకచోట తెరచియుంచిన తలుపులు. ఒకచోట క్రూరత్వము, మరియొకచోట చిన్న చిన్న అజాగ్రత్తలు. సంకెళ్లు చూచిన ఎవనికైనను గుండె మండును. అలమరలోని డబ్బాలను చూచి ఎవరి గుండెయు మండదు. కావున రెండవదియే మనకు ఎక్కువ అపాయకరమని మా యభిప్రాయము.

తలుపు మూసియుంచుటకును తాళము వేయుటకును గల భేదము మా విద్యార్థులు చక్కగా గ్రహింపవలెను. నిప్పు వలన చనిపోవువారిలో పెక్కురను చంపునది మంట కాదు, పొగ. పొగలో కార్బన్ మోనాక్సైడు అను వాసన లేని విషవాయువు కలదు. నిద్రలోనున్నవాడు దానిని పీల్చి మేల్కొనకయే స్పృహ తప్పును. వేడిపొగ పైకప్పు వరకు లేచి, అచటినుండి ప్రక్కలకు వ్యాపించి, క్రమముగా క్రిందికి దిగును. అందుచేతనే పొగ క్రమ్మిన గదిలో నిలువబడక నేలనంటి ప్రాకవలెనని చెప్పుదురు. మంచి కొయ్యతలుపు మూసియున్నచో పొగ లోనికి వచ్చుట ఆలస్యమగును. ఆ యాలస్యమే ప్రాణము. కావున పడకగది తలుపు రాత్రి మూసియుండవలెను, కాని లోపలివాడు తాళపుచెవి లేకుండ చేతితో తెరవగలిగియుండవలెను. బయటికి పోవు దారి తలుపు సంగతియు నంతే. గొళ్లెము లోపలనే యుండవలెను.

నడువలేని ముసలివారిని మూడవ అంతస్తునుండి మెట్లమీదుగా దింపుట ఇద్దరు పనివారికి సాధ్యమా? కాదు. ఇందుకు తెలిసినవారు కనిపెట్టిన యుపాయము మిక్కిలి తెలివైనది. పొడుగాటి నడవాను నిప్పుకోర్చు తలుపులతో రెండు మూడు భాగములుగా విభజింతురు. నిప్పు ఒక భాగమున పుట్టినయెడల ఆ భాగమువారిని మాత్రము, మంచముతోనో దుప్పటిమీద నీడ్చియో, అదే యంతస్తులోని ప్రక్క భాగమునకు చేర్చి తలుపు మూయుదురు. పిమ్మట నెమ్మదిగా దింపవచ్చును. మన దేశములో అందమైన నడవా యనగా ఈ కొననుండి ఆ కొనవరకు అడ్డులేక కనబడునదియని తలంపు. కాంట్రాక్టరులును అట్లే కట్టుదురు. ఆ నడవా పొగకు గొట్టమువంటిది. స్కాట్లండులో 2005వ సంవత్సరమునుండి క్రొత్తగా కట్టు సంరక్షణ గృహములన్నిటియందును, వేడికి తమంతట తామే నీరు చిమ్ము గొట్టములు ఉండితీరవలెనని నిబంధన చేసిరి.

ఇక మా తప్పు. మేము శిక్షణ ముగించి యుద్యోగమున చేరిన తొలియేడు ఒక బాలుర బోర్డింగునకు వార్డెనుగా నియమింపబడితిమి. అరువదిమంది బాలురుండిరి. కొందరు గోడ దూకి రెండవ యాట సినిమాకు పోవుచున్నారని ఫిర్యాదులు వచ్చెను. అంతట మేము రాత్రి తొమ్మిది గంటలకు పెద్దతలుపునకు వెలుపల తాళము వేసి, తాళపుచెవి మా తలగడ క్రింద పెట్టుకొని నిద్రించుచుంటిమి. మా యిల్లు రెండు వీథుల కవతల నుండెను. కిటికీలకు ఇనుపచువ్వలు. ఎవరును మమ్ము తప్పుపట్టలేదు, క్రమశిక్షణ బాగుపడినదని మెచ్చుకొనిరి. ఆ సంవత్సరమే ఏర్వాడి వార్త పత్రికలో చదివి, అయ్యో యని కన్నీరు పెట్టితిమి. ఆ రాత్రియు తాళము వేసితిమి! సంకెలకును మా తాళమునకును గల పోలిక మాకు తోచుటకు ఇంకను రెండేండ్లు పట్టినది. ఆ యరువదిమందిలో కొందరు ఇప్పుడు తండ్రులై తమ పిల్లలను మాయొద్దకు పంపుచున్నారు. వారి ముఖము చూచినప్పుడెల్ల మాకీ సంగతి జ్ఞప్తికి వచ్చును.

పిల్లలు పారిపోకుండ, మతిమరుపు గల వృద్ధులు రాత్రివేళ రోడ్డునబడి తప్పిపోకుండ చూడవద్దా యని యడుగవచ్చును. తప్పక చూడవలెను. తలుపు తెరచినంతనే మ్రోగు గంటను దానికి అమర్చి, ఆ గంట వినబడుచోట మెలకువతో నొక మనిషిని ఉంచవలెను. తాళము చవుక, మనిషి జీతము ప్రియము. తాళము ఎల్లెడల కనబడుటకు కారణమిదియే. రాత్రి కాపున్నవానికి పగలు వేరొక పని యిచ్చినచో వాడు రాత్రి నిద్రించును. అది వాని తప్పనుటకు వీలులేదు.

నిప్పొక్కటే యపాయము కాదు. వంటగ్యాసు గాలికంటె బరువైనది గనుక కారినపుడు నేలమట్టమున నిలుచును. కావున సిలిండరులు వెలుపలి గదిలో, క్రిందిభాగమున గాలి పోవు కంతలు గలచోట ఉంచవలెను. విద్యుత్తు పెట్టె యున్న అలమరలో చీపుర్లు, పాత కాగితములు, ఫినాయిలు డబ్బాలు పెట్టరాదు. ఇది చదువుచున్న పెద్దలు తమ యింటనే లేచి యొకమారు చూచుకొందురుగాక. ముసలివారి చర్మము పలుచన, స్పర్శజ్ఞానము తక్కువ. 60 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగల నీరు కొన్ని సెకనులలోనే వారిని కాల్చును. బ్రిటనులోని సంరక్షణ గృహములలో స్నానపు తొట్టిలోని నీరు 44 డిగ్రీలు మించరాదని నియమము. మనయొద్ద బకెట్టులో కడ్డీహీటరు పెట్టి, మరచి, చన్నీళ్లు కలుపకయే పోయుట కలదు.

మందుల సంగతి కొంచెము వివరింపవలెను. ఒక యింట ఇద్దరు మరియమ్మలుందురు. ఒకరికి చక్కెర వ్యాధి, వేరొకరికి రక్తపుపోటు. క్రొత్తగా వచ్చిన పనిమనిషి “మరియమ్మా” యని పిలిచిన, పలికినవారికి మాత్ర యిచ్చును. అందుచేత మందుల చీటిమీద పేరుతోపాటు ఫొటో యుండవలెను. మాత్రను ఒకరు తీసియిచ్చి వేరొకరు సరిచూడవలెను. మ్రింగిన పిమ్మటనే సంతకము చేయవలెను, ముందు చేయరాదు. ఇది చిన్న విషయమువలె తోచును. మేము చూచిన యొక రాత్రి గస్తీ రిజిస్టరులో సోమవారమునాడే ఆదివారము వరకు సంతకములు చేసియుండెను! ఆ వాచ్‌మను అబద్ధమాడు స్వభావము గలవాడు కాడు. పుస్తకము నింపుటయే పనియని ఎవరో నేర్పిరి. ఉపాధ్యాయులమైన మనలో హాజరుపట్టీని పీరియడు చివర గుర్తునుబట్టి నింపువారు లేరా?

చట్టము ఏమి కోరుచున్నదో బోర్డింగువారందరు తెలిసికొనుట మేలు. 2015వ సంవత్సరపు బాలల న్యాయ చట్టము ప్రకారము, సంరక్షణ యవసరమైన బాలలను ఉంచుకొను ప్రతి గృహము, స్వచ్ఛంద సంస్థలు నడపునదియైనను, రిజిస్టరు కావలెను. కానియెడల ఒక సంవత్సరమువరకు జైలుగాని, లక్ష రూపాయలకు తక్కువ కాని జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. మూడు నెలలకు ఒకమారైనను తనిఖీ సంఘమువారు వచ్చి చూడవలెను. అందు ముగ్గురికి తక్కువ కాకుండ సభ్యులుండవలెను. ఒక స్త్రీయు, ఒక వైద్యాధికారియు తప్పక యుండవలెను. 2016వ సంవత్సరపు నమూనా నియమములలో 25 మంది బాలల పడకశాలకు వేయి చదరపుటడుగులు, అనగా ఒక్కొక్కరికి 40 చదరపుటడుగులు చెప్పబడినవి. తల్లిదండ్రులు ఫీజు కట్టి యుంచిన హాస్టలునకు ఈ చట్టము వర్తించునా యని వాదించువారు కలరు. ఆ వాదము మేము పెట్టుకొనము. కొలత మంచిది, మన గది యా కొలతకు సరిపోవునో లేదో టేపు పెట్టి చూడవచ్చును.

ఆ చట్టములో మాకు మిక్కిలి నచ్చిన మాట మరియొకటి కలదు. ఆరేండ్లు దాటిన బాలలుండు ప్రతి గృహమందును పిల్లల సంఘములు ఏర్పరచి, వారి క్షేమవిషయములలో వారిని భాగస్వాములను చేయవలెను. పెద్దలకు పిల్లల నోరు విప్పించుట సాధారణముగా నిష్టముండదు. 2018లో బీహారు రాష్ట్రమందలి ముజఫర్‌పూరు బాలికా శరణాలయములో జరిగిన ఘోరములు లోకమునకు తెలిసినది టాటా సామాజిక శాస్త్ర సంస్థవారి పరిశీలన నివేదిక వలన. 2020లో ఢిల్లీ న్యాయస్థానము దోషులను శిక్షించెను. ఆ శరణాలయమునకు ప్రభుత్వపు సొమ్ము అందుచుండెను. ఫిర్యాదుపెట్టె గోడకు తగిలించుట సులభము. దాని తాళపుచెవి వార్డెనుయొద్దనే యున్నచో ఆ పెట్టె యెన్నటికి నిండదు. కావున ఆ తాళపుచెవి ఆ యింట జీతము పుచ్చుకొననివారియొద్ద నుండవలెను.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీరు బోర్డింగు చూడవచ్చినపుడు అన్నము రుచిచూచి, మంచము తట్టి, పోవుచున్నారు. అది చాలదు. రాత్రి ఎవరు మేల్కొనియుందురు, వారి పేరేమి, వెనుకతలుపు తెరచి చూపింతురా యని యడుగుడు. వృద్ధులైన తల్లిదండ్రులను ఆశ్రమమునందు ఉంచినవారును నిట్లే యడుగుడు. అడిగినందుకు కోపించు మేనేజరు ఎదురైనచో ఆ కోపమే మీకు సమాధానము. 101 గాని 112 గాని నంబరుకు ఫోను చేయుటకు పెద్దల యనుమతి కావలెనాయని పనివారిని వేరుగా అడుగుడు. కావలెనన్నచో రోజ్‌పార్కులోని తొమ్మిది నిమిషములను జ్ఞప్తికి తెచ్చుకొనుడు.

మా బోర్డింగులో నీ సంవత్సరము చేసినది చెప్పి ముగింతుము. పెద్దతలుపునకు వెలుపలి తాళము తీసివేసితిమి. గొళ్లెము లోపల, గంట పైన పెట్టించితిమి. రాత్రి నిద్రించువారి సంఖ్యను ప్రతిదినము ఎనిమిది గంటలకు తలుపుప్రక్కనున్న పలకమీద వ్రాయుచున్నాము. జనవరిలో నొక రాత్రి, ముందుగా చెప్పి, గంట మ్రోగించి అందరిని మైదానములోనికి పిలిచితిమి. ఎనిమిది నిమిషములు పట్టెను. లెక్కకు ఇద్దరు తక్కువైరి. ఒకడు దుప్పటి ముసుగుపెట్టి నిద్రించుచుండెను. రెండవవాని కొరకు గదులన్నియు వెదకితిమి, స్నానశాలలు వెదకితిమి. తుదకు వాడు ఆ సాయంకాలమే మేనమామతో ఊరికి పోయెనని తెలిసెను. పలకమీద మాత్రము వాని సంఖ్య చేరియుండెను. నిజముగా మంట లేచియున్నచో, లేని యా బాలునికొరకు ఎవడో యొకడు పొగలోనికి పోయియుండును. ఫిబ్రవరిలో చేసిన రెండవ పరీక్షలో నాలుగు నిమిషములకే అందరును వచ్చిరి, లెక్క సరిపోయెను. మూడవది ఎన్నడో మేము విద్యార్థులకు చెప్పలేదు. వాచ్‌మనుకును చెప్పలేదు.